గోధుమ మానేసినవారికి సీలియాక్ రక్తపరీక్ష: మెల్‌బోర్న్ పద్ధతి మనకు ఎంతవరకు పనికొస్తుంది?

గోదారిగట్టు – చర్చ ప్రారంభం

అందరికీ నమస్కారం. మాది రాజమహేంద్రవరం, ఉద్యోగరీత్యా గురుగ్రామ్‌లో ఉంటున్నాం. మా తమ్ముడికి చాలాకాలంగా విరేచనాలు, కడుపు ఉబ్బరం, ఐరన్ మాత్రలు ఎన్ని వేసినా పెరగని హిమోగ్లోబిన్. ఊళ్లో ఉన్నంతకాలం అందరూ గ్యాస్ ట్రబులే అన్నారు. ఇక్కడికి వచ్చి రెండు పూటలా చపాతీకి అలవాటు పడ్డాక బాధ ముదిరింది. తోటి ఉద్యోగి ఒకరు చెబితే గోధుమ పూర్తిగా మానేశాడు, కొన్ని నెలల్లో మనిషి తేరుకున్నాడు. డాక్టరు దగ్గరికి వెళ్లింది ఆ తరువాతే. గోధుమలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ వల్ల చిన్నపేగు దెబ్బతినే సీలియాక్ వ్యాధి కోసం చేసే టీటీజీ రక్తపరీక్ష నెగెటివ్ వచ్చింది. “గోధుమ మానేసి చేయించుకున్నారు కనుక ఈ ఫలితాన్ని నమ్మడానికి లేదు, ఆరు నుంచి ఎనిమిది వారాలు మళ్లీ తిని రండి, అప్పుడు రక్తపరీక్ష, అవసరమైతే ఎండోస్కోపీ చేద్దాం” అన్నారట. వాడు మాత్రం ఆ బాధ మళ్లీ పడలేనంటున్నాడు.

గోధుమ తినకుండానే సీలియాక్ వ్యాధిని రక్తంలో గుర్తించే పరీక్షను మెల్‌బోర్న్‌లో రూపొందించారని చదివాను. అది ఎలా పనిచేస్తుంది, ఇప్పుడున్న పరీక్షకు గోధుమ తినడం ఎందుకు తప్పనిసరి అన్నవి తెలిసినవారు వివరంగా రాయగలరని ప్రార్థన.

ప్రయోగశాల మిత్రుడు

గోదారిగట్టు గారూ, మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, మొదటిదానికి జవాబు కూడా అందులోనే ఉంది. టీటీజీ పరీక్ష గ్లూటెన్‌నూ కొలవదు, పేగు దెబ్బతిన్న తీరునూ కొలవదు. గ్లూటెన్ లోపలికి వస్తున్నంతకాలం సీలియాక్ రోగి శరీరం తన సొంత ఎంజైమైన టిష్యూ ట్రాన్స్‌గ్లుటమినేజ్ (టీటీజీ) మీదనే ఐజీఏ రకం యాంటీబాడీలను తయారుచేస్తూ ఉంటుంది, పరీక్ష వాటిని లెక్కగడుతుంది. గోధుమ మానేస్తే వాటి ఉత్పత్తి తగ్గిపోయి, నెలలు గడిచేకొద్దీ చాలామందిలో మామూలు హద్దులోకి దిగుతుంది. జబ్బు మాత్రం ఎక్కడికీ పోదు.

ఈ స్థితికి రావడానికి కూడా అర్ధ శతాబ్దం పట్టింది. డచ్ పిల్లల వైద్యుడు విల్లెం డికె 1950 నాటి తన సిద్ధాంత వ్యాసంలో గోధుమను తీసేస్తే సీలియాక్ పిల్లలు కోలుకుంటారని చూపించారు. ఆ దశాబ్దంలోనే, గొట్టానికి కట్టిన చిన్న లోహపు క్యాప్సూల్‌ను రోగి చేత మింగించి, చిన్నపేగు లోపలి పొరలో పిసరంత కోసి తీసే పద్ధతి వచ్చింది. ఆ ముక్కను సూక్ష్మదర్శినిలో చూసి, చూషకాలు (ఆహారసారాన్ని పీల్చుకునే వేళ్లలాంటి మొలకలు) చదునైపోయాయా లేదా అని తేల్చేవారు. తరువాత రక్తంలో, గ్లూటెన్‌లో భాగమైన గ్లయాడిన్‌కు ఎదురుగా తయారయ్యే యాంటీబాడీలను వెతికారు, కానీ అవి వేరే పేగు జబ్బులున్నవారిలోనూ, ఏ జబ్బూ లేనివారిలోనూ కనిపించాయి. 1980ల్లో వచ్చిన ఎండోమైసియల్ పరీక్ష చాలా నిక్కచ్చిది. అయితే కోతి అన్నవాహికను పలుచని పొరలుగా కోసి, దాని మీద రోగి సీరం వేసి, మెరుపు ఎక్కడ పట్టిందో కంటితో చూసి చెప్పాలి. చూసే మనిషి అనుభవాన్ని బట్టే ఫలితం. ఆ యాంటీబాడీలు అసలు దేనికి అతుక్కుంటున్నాయన్నది 1997లో బెర్లిన్‌లో డీటెరిచ్, షుప్పాన్ బృందం తేల్చింది. రోగుల యాంటీబాడీలనే గాలంగా వేసి కణాల్లోంచి ఆ ప్రొటీన్‌ను బయటికి లాగితే అది టిష్యూ ట్రాన్స్‌గ్లుటమినేజ్ అని బయటపడింది. అప్పటినుంచే ఏ ఊరి ల్యాబ్‌లోనైనా ఎలైసా యంత్రం మీద చేయగల పరీక్ష సాధ్యమైంది. తొలి కిట్లలో గినీపిగ్ కాలేయం నుంచి తీసిన ఎంజైమ్ వాడటంతో తప్పుడు పాజిటివ్‌లు ఎక్కువగా వచ్చేవి, మానవ ఎంజైమ్‌కు మారాకే అవి తగ్గాయి.

లెక్కలమాస్టారు

చరిత్ర బాగుంది. కొత్త పరీక్షను ఎంతమంది మీద చేశారు, ఎంతమందిని సరిగా పట్టుకుంది, ఎంతమంది జబ్బు లేనివారిని జబ్బున్నవారిగా చూపింది? ఈ మూడు సంఖ్యలు లేకుండా చర్చ ముందుకు సాగదు.

యారాతీరం

మాస్టారూ, నేను మెల్‌బోర్న్‌లోనే ఉంటాను, నాకు సీలియాక్ ఉంది. ఆ పరిశోధనలో నేను పాల్గొనలేదు, ప్రచురించినది చదివి రాస్తున్నాను. ఇక్కడి వాల్టర్ అండ్ ఎలైజా హాల్ ఇన్‌స్టిట్యూట్‌లో జేసన్ టై-డిన్, ఒలీవియా మోస్కటెల్లి తదితరులు చేసిన పని 2025లో గ్యాస్ట్రోఎంటరాలజీ పత్రికలో వచ్చింది. పాల్గొన్నవారు 181 మంది. వారిలో గ్లూటెన్ మానేసిన రోగులు, ఇంకా తింటున్న రోగులు, సీలియాక్ కాకపోయినా గోధుమ పడదనుకునేవారు, ఆరోగ్యవంతులు ఉన్నారు. రోగుల్లో 90 శాతం వరకు పట్టుకోగలిగిందనీ, రోగులు కానివారిలో 97 శాతం మందిని సరిగా నెగెటివ్‌గా చూపిందనీ సంస్థ ప్రకటించింది.

పద్ధతి ఇది. సీలియాక్ రోగి రక్తంలో గ్లూటెన్‌ను గుర్తుపట్టే టి-కణాలు (ఒక రకం రోగనిరోధక కణాలు) పది లక్షల్లో కొన్ని మాత్రమే ఉంటాయి, కాని గోధుమ మానేసి ఏళ్లు గడిచినా అవి మిగిలే ఉంటాయి. ఆ కణాలకు గ్లూటెన్ ముక్క తగిలితే ఇంటర్‌ల్యూకిన్-2 అనే సంకేత ప్రొటీన్‌ను వదులుతాయి. రోగి గ్లూటెన్ తిన్న కొద్ది గంటల్లోనే రక్తంలో ఈ ప్రొటీన్ పెరుగుతుందని 2019 నాటికే తెలిసింది. మనిషి చేత గోధుమ తినిపించే బదులు, తీసిన రక్తానికే గొట్టంలో గ్లూటెన్ పెప్టైడ్లు (ప్రొటీన్ చిన్న ముక్కలు) తినిపిస్తే సరిపోతుంది కదా అన్నది వారి ఆలోచన. ఒక గొట్టంలో పెప్టైడ్లు కలుపుతారు, పక్కన మరో గొట్టంలో కలపరు. రెండింటినీ శరీర ఉష్ణోగ్రతలో ఒక రోజు ఉంచి, ప్రొటీన్‌లో తేడా కొలుస్తారు. అత్యల్ప మోతాదును పట్టగల యంత్రాలు రావడం వల్లే ఇది కుదిరింది.

ఇది ఇంకా ఆసుపత్రుల్లో మామూలు వాడకంలోకి రాలేదు. నేను సీలియాక్ నిర్ధారణ కోసం చపాతీలు తిన్న వారాలు తలచుకుంటే, ఇది కాస్త ముందు వచ్చి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

ప్రయోగశాల మిత్రుడు

యారాతీరం గారు చెప్పిన పద్ధతి మన ల్యాబ్‌లకు పూర్తిగా కొత్తదేమీ కాదు. క్షయ సోకిందా అని చూడటానికి హైదరాబాద్, విజయవాడ ల్యాబ్‌లలో రోజూ చేసే టీబీ గోల్డ్ పరీక్షదీ ఇదే సూత్రం. అక్కడ క్షయ పెప్టైడ్లు, ఇంటర్‌ఫెరాన్-గామా. ఇక్కడ గ్లూటెన్ పెప్టైడ్లు, ఇంటర్‌ల్యూకిన్-2.

ఆ అనుభవంతోనే ఒక చిక్కు చెప్పాలి. టీటీజీకి సీరం చాలు, ఐస్ డబ్బాలో పెడితే రోజుల ప్రయాణాన్ని కూడా తట్టుకుంటుంది. కణాలను పలికించే పరీక్షకు మాత్రం కణాలు బతికి ఉండాలి. టీబీ గోల్డ్ గొట్టాల్లోకి నేరుగా తీసిన రక్తాన్ని 16 గంటల్లోపు ఇంక్యుబేటర్‌లో పెట్టాలి, అంతవరకు ఫ్రిజ్‌లో పెట్టకూడదు, ఎండలోనూ వదలకూడదు. మే నెలలో ఒక మండల కేంద్రంలో ఉదయం తీసిన రక్తం కలెక్షన్ బాయ్ బండి మీద, తరువాత బస్సు డిక్కీలో నగరానికి చేరేసరికి ఆ గొట్టం పరిస్థితి ఏమిటో ల్యాబ్‌లో ఉన్న మాకు తెలుసు. కణాలు చచ్చిన గొట్టం నెగెటివ్ రోగి గొట్టంలాగే కనిపిస్తుంది. అందుకే టీబీ గోల్డ్‌లో టి-కణాలన్నింటినీ ఒక్కసారిగా రెచ్చగొట్టే పదార్థంతో మరో గొట్టం పెడతారు, అది కూడా పలకకపోతే ఫలితాన్ని నెగెటివ్ అనరు, తేలలేదు అంటారు. ఇక్కడికి వచ్చే ఏ సీలియాక్ కిట్‌లోనైనా అటువంటి గొట్టం ఉందా అని నేను మొదట చూస్తాను.

లెక్కలమాస్టారు

ధన్యవాదాలు. ఇప్పుడు ఆ సంఖ్యలను మన జనం మీద పెట్టి చూద్దాం.

ఢిల్లీ ఎయిమ్స్‌కు చెందిన గోవింద్ మఖారియా, ఇతర సంస్థల సహచరులు కలిసి దేశంలో మూడు ప్రాంతాల్లో చేసిన అధ్యయనం 2016లో వచ్చింది. మొత్తం 23,331 మందిని పరీక్షించారు. సీలియాక్ వ్యాధి ఉత్తరాన వెయ్యికి సుమారు 8.5 మందిలో, ఈశాన్యాన 4.7 మందిలో ఉంటే, దక్షిణాన వెల్లూరు ప్రాంతంలో వెయ్యికి 0.11 మాత్రమే. అంటే పదివేల మందికి ఒక్కరు.

ఉత్తరాదిన దారినపోయే పదివేల మందికి ఈ కొత్త పరీక్ష చేశామనుకోండి. రోగులు 85 మంది, అందులో 76 లేదా 77 మంది దొరుకుతారు. మిగిలిన 9,915 మందిలో మూడు శాతం, అంటే దాదాపు 297 మంది జబ్బు లేకుండానే పాజిటివ్ అవుతారు. పాజిటివ్ వచ్చిన ఐదుగురిలో ఒక్కరికే నిజంగా జబ్బు. అదే పరీక్షను దక్షిణాదిన పదివేల మందికి చేస్తే ఒక్క రోగి దొరకడం కోసం 300 మందిని అనవసరంగా భయపెట్టినట్టవుతుంది. పరీక్ష అదే, 97 శాతమూ అదే. అందుకే ప్యాకేజీ హెల్త్ చెకప్‌లలో దీన్ని చేర్చే రోజు వస్తుందేమోనని నాకు ఇప్పటినుంచే దిగులు.

గోదారిగట్టు

మాస్టారూ, మా తమ్ముడు దారినపోయే మనిషి కాదు కదా. లక్షణాలున్నాయి, గోధుమ మానేస్తే తగ్గాయి.

లెక్కలమాస్టారు

సరిగ్గా అడిగారమ్మా. లెక్క అక్కడే మారుతుంది. డాక్టరు అనుమానించి పంపిన వంద మందిలో పాతిక మందికి నిజంగా జబ్బు ఉంటుందనుకుందాం. ఇది నేను ఊహించుకున్న నిష్పత్తి. అప్పుడు 22 లేదా 23 మంది దొరుకుతారు, తప్పుగా పాజిటివ్ వచ్చేవారు ఇద్దరో ముగ్గురో. పాజిటివ్ వస్తే పదింట తొమ్మిదిసార్లు నమ్మవచ్చు. ఇద్దరు ముగ్గురు రోగులు మాత్రం నెగెటివ్ కాగితంతో ఇంటికి వెళ్లిపోతారు.

ఉదర వైద్యుడు

ఆసక్తితో చదువుతున్నాను. మాస్టారి లెక్క టీటీజీకి కూడా వర్తిస్తుంది, అందుకే మేం దాన్ని అందరికీ రాయము. విరేచనాలతో కూడిన ఐబీఎస్ (పేగు పనితీరు గాడితప్పే ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) అని ముద్రపడినవారికి, కారణం తెలియని రక్తహీనత ఉన్నవారికి, ఎదుగుదల లేని పిల్లలకు, సీలియాక్ రోగి తోబుట్టువులకు, పిల్లలకు, తల్లిదండ్రులకు రాస్తాము. దానితోపాటు మొత్తం ఐజీఏ కూడా చూడాలి. పుట్టుకతోనే ఐజీఏ తయారుకానివారిలో టీటీజీ ఐజీఏ ఎప్పటికీ నెగెటివ్‌గానే ఉంటుంది, సీలియాక్ రోగుల్లో ఇటువంటివారు రెండు మూడు శాతం ఉంటారు.

దక్షిణాదిన వ్యాధి తక్కువ అనేదాని గురించి ఒక మాట. అదే అధ్యయనంలో, సీలియాక్ రావడానికి ఉండాల్సిన డీక్యూ2 లేదా డీక్యూ8 జన్యువులు ఉత్తరాన 38 శాతం, దక్షిణాన 36 శాతం మందిలో ఉన్నట్టు తేలింది. అంటే నేల సిద్ధంగానే ఉంది. తేడా తిండిలో ఉంది: రోజుకు తినే గోధుమ ఉత్తరాన సగటున 455 గ్రాములు, దక్షిణాన 25 గ్రాములు. షుగర్ వచ్చిందని రాత్రిపూట అన్నం మాని చపాతీలకు మారిన కుటుంబాలు, ఉద్యోగాల కోసం ఉత్తరాదికి, అమెరికాకు వెళ్లినవారు ఈ రెండు అంకెల మధ్య ఎక్కడో ఉంటారు. తెలుగువారికి సీలియాక్ రాదులే అని పక్కన పెట్టేయడం నా దృష్టిలో సరికాదు.

గోదారిగట్టు గారికి సూచన. మీ తమ్ముడికి మళ్లీ గోధుమ తినిపించే ముందు హెచ్‌ఎల్‌ఏ డీక్యూ2, డీక్యూ8 పరీక్ష చేయించమని మీ డాక్టరుగారిని అడగండి. అది జన్యుపరీక్ష కనుక గోధుమ తిన్నా మానినా ఫలితం మారదు. రెండూ లేవని వస్తే సీలియాక్ దాదాపు లేనట్టే, ఆ వారాల అవస్థ తప్పుతుంది. ఉన్నాయని వస్తే మాత్రం జబ్బు ఉందని అర్థం కాదు, చూడాల్సిన అవసరం ఉందని మాత్రమే. పై అంకెల ప్రకారం మన దేశంలో పదిమందిలో ఆరుగురు ఈ మెట్టు దగ్గరే బయటపడతారు.

జొన్నరొట్టె

నాదొక మోటు ప్రశ్న. గోధుమ మానేస్తే బాగున్నాడు. జొన్నరొట్టె, రాగిసంగటి, అన్నం ఉన్నాయి. జీవితాంతం గోధుమ ముట్టకపోతే పోలేదా? రక్తపరీక్ష ఎందుకు, జన్యుపరీక్ష ఎందుకు, పేరు తెలిస్తే ఒరిగేదేమిటి?

ఉదర వైద్యుడు

మోటు ప్రశ్న కాదండీ, రోగులు రోజూ అడిగేదే. గోధుమలో గ్లూటెన్ ఒక్కటే లేదు, ఫ్రక్టాన్ అనే పిండిపదార్థమూ ఉంది. ఐబీఎస్ ఉన్నవారికి అది పేగులో పులిసి ఉబ్బరం తెస్తుంది. కాబట్టి మానేస్తే తగ్గింది అన్నంత మాత్రాన సీలియాక్ అని చెప్పలేం. ఐబీఎస్ అయితే బాధ కలగనంతవరకు కాస్త గోధుమ తిన్నా నష్టం లేదు. సీలియాక్ అయితే చిటికెడు కూడా తినకూడదు, బాధ తెలియకపోయినా పేగు దెబ్బతింటూనే ఉంటుంది, ఎముకలు గుల్లబారతాయి, రక్తహీనత తిరగబెడుతుంది. పైగా దగ్గరి రక్తసంబంధీకులను కూడా పరీక్షించాలి. మీ ప్రశ్నకు రోగి పళ్లెం నుంచే ఒక ఉదాహరణ: మన పప్పుచారులో వేసే కలిపిన (కాంపౌండెడ్) ఇంగువలో చాలా రకాలు మైదా కలిపి చేసినవే. గోధుమ మానేశానని నమ్మకంగా చెప్పే రోగి ఇంట్లో పోపుల పెట్టె తెరిచి, ఇంగువ డబ్బా వెనక ముద్రించిన పదార్థాల జాబితా చదివితే అక్కడే కనిపిస్తుంది. జబ్బు పేరు ఖాయమైతేనే మనిషి ఆ డబ్బా తిప్పి చూస్తాడు.

కృష్ణాతీరం

మా ఊళ్లో ఒక డయాగ్నస్టిక్ కేంద్రం రకరకాల ఆహార పదార్థాలకు ఐజీజీ యాంటీబాడీలు చూసే పెద్ద ప్యానెల్ చేసి, గోధుమతోపాటు పాలు, గుడ్లు, కందిపప్పు కూడా మానేయమని మా అమ్మాయికి కాగితం ఇచ్చింది. ఇది కూడా రక్తపరీక్షే కదా, దీనికీ సీలియాక్ పరీక్షకూ తేడా ఏమిటి?

ప్రయోగశాల మిత్రుడు

చాలా తేడా ఉందండీ. ఒక ఆహారానికి ఐజీజీ ఉందంటే ఆ ఆహారం తింటున్నారని అర్థం, పడటం లేదని కాదు. రోజూ తినేవాటికే ఎక్కువగా కనిపిస్తుంది. అలర్జీ నిపుణుల సంఘాలు ఈ ప్యానెల్ వద్దనే సూచించాయి. టీటీజీ నిలబడటానికి కారణం వేరు: దాని ప్రతి అడుగునూ పేగు బయాప్సీతో పోల్చి చూశారు. ఎదిగే పిల్ల చేత పాలు, పప్పు మాన్పించే ముందు పిల్లల వైద్యుడిని కలవండి.

అమ్మమనసు

మా బాబుకు టైప్-1 మధుమేహం. అటువంటి పిల్లల్లో సీలియాక్ ఎక్కువని ఏటా టీటీజీ చేయిస్తున్నారు. ఈసారి బాగా ఎక్కువ వచ్చింది. గోధుమ మామూలుగానే తింటున్నాడు. ఎండోస్కోపీ లేకుండా తేల్చడానికి ఈ కొత్త పరీక్ష కోసం ఆగవచ్చా?

ఉదర వైద్యుడు

ఆగనవసరం లేదమ్మా. మీ బాబు గోధుమ తింటున్నాడు కనుక పాత పరీక్ష చక్కగా పనిచేస్తుంది. పిల్లల విషయంలో యూరప్ నిపుణుల 2020 మార్గదర్శకాల ప్రకారం, టీటీజీ ఐజీఏ మామూలు గరిష్ఠ పరిమితికి పది రెట్లు లేదా అంతకు మించి ఉండి, విడిగా తీసిన రెండో రక్తనమూనాలో ఎండోమైసియల్ యాంటీబాడీలు కూడా పాజిటివ్ అయితే బయాప్సీ లేకుండానే నిర్ధారించవచ్చు. పది రెట్లకు తక్కువైతే ఎండోస్కోపీ అవసరం. ఒక్క జాగ్రత్త: ఫలితం చూసిన కంగారులో నిర్ధారణ పూర్తి కాకముందే గోధుమ మాన్పించకండి.

గోదారిగట్టు

ఎంతో ఓపికగా రాశారు, అందరికీ కృతజ్ఞతలు. హెచ్‌ఎల్‌ఏ పరీక్షకు మా డాక్టరుగారు ఒప్పుకున్నారు. ఒకవేళ జన్యువు ఉందని వస్తే, తమ్ముడి రక్తాన్ని మెల్‌బోర్న్ పంపే వీలుంటుందా?

ప్రయోగశాల మిత్రుడు

కుదరదండీ, కారణం పైన చెప్పినదే, అంత దూరం ఆ కణాలు పనికొచ్చే స్థితిలో చేరవు. పరీక్షే ఇక్కడికి రావాలి. దానికి ముందు రెండు విషయాలు తేలాలి. గొట్టంలో కలిపే పెప్టైడ్లు ప్రధానంగా డీక్యూ2లో ఒక రకమైన డీక్యూ2.5 ఉన్నవారికి సరిపోయేవి, డీక్యూ8 మాత్రమే ఉన్న రోగులను ఈ పరీక్ష అంత బాగా పట్టుకోలేదని మెల్‌బోర్న్ బృందం పత్రంలోనే ఉంది. రెండోది, వారు పోల్చి చూసినవారు ఆరోగ్యవంతులు, గోధుమ పడదనుకునేవారు. మన దగ్గర చూషకాలు చదునయ్యే కారణాలు ఇంకా ఉన్నాయి: దక్షిణాదిలో ఎన్నాళ్లుగానో తెలిసిన ట్రాపికల్ స్ప్రూ అనే పేగు జబ్బు, జియార్డియా అనే పరాన్నజీవి. పేగు క్షయ కూడా ఇవే లక్షణాలతో రావచ్చు. ఈ జబ్బులున్నవారి రక్తంలో ఇంటర్‌ల్యూకిన్-2 ఎలా ఉంటుందో ఇక్కడి రోగుల మీద చూడకుండా ఆ 97 శాతాన్ని మనకు అన్వయించలేం. టి-కణాలు గ్లూటెన్‌కే ప్రత్యేకం కనుక ఫలితం బాగానే ఉంటుందని నా అంచనా, కాని చేసి చూడాలి.

యారాతీరం

గోదారిగట్టు గారూ, జన్యువు ఉందని తేలి గోధుమ తినక తప్పకపోతే భయపడకండి. రోజుకు మూడు నుంచి పది గ్రాముల గ్లూటెన్ అంటారు. ముప్పై గ్రాముల పిండితో చేసిన చపాతీలో దాదాపు రెండున్నర గ్రాములు ఉంటుంది. అంటే రోజుకు రెండు చపాతీలతో సరిపోవచ్చు, ఒక్కసారే పూరీలు, బొబ్బట్లు మీద పడనవసరం లేదు. నేను రాత్రి భోజనంలో తినేదాన్ని, ఆఫీసులో ఇబ్బంది లేకుండా గడిచేది.

ఉదర వైద్యుడు

మోతాదు, వ్యవధి మాత్రం మీ డాక్టరుగారి పర్యవేక్షణలోనే నిర్ణయించుకోండి. కొందరి పేగులో రెండు వారాల్లోనే మార్పు కనిపిస్తుంది కాని, యాంటీబాడీలు పెరగడానికి ఇంకా సమయం పడుతుంది. బాధ మరీ ఎక్కువైతే వారాలు పూర్తి కాకముందే రక్తం తీసి చూడవచ్చు. హెచ్‌ఎల్‌ఏ ఫలితం వచ్చేదాకా గోధుమ మొదలుపెట్టవద్దు. మొత్తం ఐజీఏకు గోధుమతో సంబంధం లేదు కనుక, ఆ రక్తం ఇచ్చే రోజే దీన్నీ చేయించేయండి.